బ్యానర్ మీద అమ్మ పేరు

సినిమా కథ మొదలయ్యే ముందు తెర మీద ఒక అర నిమిషం గడుస్తుంది. హీరో రాడు, పాట రాదు. ఒక జెండా ఎగురుతుంది, లేకపోతే ఒక దీపం వెలుగుతుంది, లేకపోతే అక్షరాలు తిరుగుతూ వచ్చి నిలబడతాయి. వెనకాల ఒక చిన్న సంగీతం ముక్క. మన పెద్దవాళ్ళు దాన్ని బ్యానర్ అనేవాళ్ళు, ఇప్పటి పిల్లలు లోగో అంటున్నారు. ఇంటి ముందు ముగ్గు లాంటిది అది. లోపలికి వెళ్ళే తొందరలో ఎవరూ ఆగి చూడరు. కానీ ఆ ఇంట్లో ఎవరుంటారో, వాళ్ళ పద్ధతేమిటో కాస్త ముందే చెప్పేస్తుంది.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పాత సినిమా ఒకటి పెట్టుకుని కూర్చోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. అలా చూస్తూ చూస్తూ కథల కంటే ఈ అర నిమిషాల మీద మనసు పోయింది. ఎందుకంటే వాటిలో ఆడవాళ్ళ పేర్లు చాలా కనిపించాయి. తల్లి పేరు, భార్య పేరు, కూతురి పేరు. డబ్బులో, పరపతిలో మగవాళ్ళదే రాజ్యమైన ఈ వ్యాపారంలో గుమ్మం మీద మాత్రం ఇన్ని ఆడపేర్లు ఎందుకున్నాయి అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పేర్ల చరిత్ర కొంచెం తవ్వితే ఏం దొరికిందో మీతో పంచుకుంటాను.

దీని మూలం చాలా దూరంలో, ఫ్రాన్సులో ఉంది. లియాన్ గోమోన్ అనే ఆయన 1895లో పారిస్‌లో మొదలుపెట్టిన గోమోన్ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. ప్రపంచంలో ఇంకా బతికున్న సినిమా కంపెనీల్లో అదే అన్నిటికంటే పాతది. దాని గుర్తు ఒక పువ్వు, మన చామంతిలా రేకులు విచ్చుకున్న పువ్వు. ఫ్రెంచి భాషలో ఆ పువ్వుని మార్గరీట్ అంటారు. గోమోన్ గారి అమ్మ పేరు కూడా మార్గరీటే. అమ్మ పేరు రాయకుండా అమ్మ పేరున్న పువ్వు పెట్టుకున్నాడు కొడుకు. ఆ తర్వాత ఏడాది పాథే సోదరులు పెట్టిన కంపెనీకి గుర్తు కోడిపుంజు. ఈ గుర్తులు మొదట్లో అందం కోసం పెట్టుకున్నవి కావు. ఆ రోజుల్లో ఒకరి సినిమాని ఇంకొకరు కాపీ తీసి తమదని అమ్ముకునేవాళ్ళు. టైటిల్ కత్తిరిస్తే ఎవరిదో తెలిసేది కాదు. అందుకని పాథే వాళ్ళు సెట్టులో గోడ మీదే కోడిపుంజు బొమ్మ తగిలించి సినిమా తీసేవాళ్ళు. ఇత్తడి బిందె మీద పేరు చెక్కించుకోవడం లాంటిదే. పెళ్ళిలో అరువిచ్చిన బిందె ఎవరింటికి పోయినా పేరు చూసి తెచ్చుకోవచ్చు.

గోమోన్ కంపెనీ గురించి ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసానికి అదే ఆయువుపట్టు. ఆ ఆఫీసులో ఆలీస్ గీ అనే అమ్మాయి సెక్రటరీగా పనిచేసేది. 1896లో ఆమె యజమాని దగ్గరికి వెళ్ళి, నేనొక చిన్న కథ సినిమాగా తీస్తానంది. ఆఫీసు పని చెడకుండా చూసుకుంటే తీసుకోమన్నాడాయన. ఈ షరతు మనకి కొత్తది కాదు. వంట చేసి పిల్లల్ని బడికి పంపాక నీ ఇష్టం అన్నట్టే ఉంది కదా. ఆమె క్యాబేజీ తోటలో పాపాయిలు పుట్టే ఒక చిన్న కథ తీసింది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా దర్శకురాలు ఆమే. సుమారు పదేళ్ళు ఆ కంపెనీ సినిమాల నిర్మాణమంతా ఆమె చేతి మీద నడిచింది. 1907లో పెళ్ళయి అమెరికా వెళ్ళింది, 1910లో అక్కడ తన సొంత కంపెనీ పెట్టింది. తీరా 1930 ప్రాంతంలో గోమోన్ కంపెనీ చరిత్ర రాస్తే, ఆమె పనిచేసిన ఆ తొలి రోజుల ఊసే అందులో లేదు. తను తీసినవి తనవేనని చెప్పుకోవడానికి ఆమె ఉత్తరాలు రాస్తూ, ఆధారాలు వెతుక్కుంటూ ఎన్నో ఏళ్ళు గడిపింది. 1968లో 94 ఏళ్ళ వయసులో పోయింది. ఆమె ఆత్మకథ అచ్చయింది ఆ తర్వాతే, 1976లో.

గుర్తులో అమ్మ ఉంది. పని చేసిన ఆడమనిషి చరిత్రలో లేదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మన తెలుగు బ్యానర్ల దగ్గరికి వచ్చినప్పుడు నేను అదే కళ్ళజోడుతో చూశాను.

మన సినిమాలు మద్రాసులో పెరిగాయి కాబట్టి మన గుర్తులూ అక్కడే పుట్టాయి. ఎస్.ఎస్. వాసన్ గారి జెమినీ మొదట సినిమాలు పంచిపెట్టే సంస్థే. తర్వాత స్టూడియో కొని నిర్మాణంలోకి దిగింది. 1942లో మన ‘బాలనాగమ్మ’ తీసింది వాళ్ళే. జెమినీ అంటే మిథున రాశి, కవలలు. అందుకే ఇద్దరు బుడతలు బూరలు ఊదుతూ కనిపిస్తారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థకి ఆంజనేయస్వామి ఉన్న జెండా. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది, ఇప్పటికీ ఆ జెండా ఊగుతుంటే మా ఇంట్లో కబుర్లు ఆగిపోతాయి. ఏవీఎం వారి సంగీతం ముక్క సంగతి చెప్పక్కర్లేదు. పక్క గదిలో పప్పు ఏరుతున్నా, తెర చూడకుండానే ఇది ఫలానా వాళ్ళ సినిమా అని చెప్పేస్తాం.

ఆ కదలిక వెనక ఎంత శ్రమ ఉండేదో ఊహించుకోండి. కంప్యూటర్లు లేవు. అక్షరాలు చెక్కించి తిరిగే పీట మీద పెట్టి తిప్పాలి, లేదా అద్దం మీద రాసి వెనక నుంచి దీపం జరపాలి. బొమ్మలు గీసి కదిలించాలంటే, సెకనుకి 24 ఫ్రేములు. పది సెకన్లకి 240 ఫ్రేములు. మన దూరదర్శన్ గుర్తు గుర్తుందా? రెండు వంపులు గిరగిరా తిరుగుతూ వచ్చి కన్నులా కుదురుకునేవి. అహ్మదాబాద్ డిజైన్ సంస్థలో విద్యార్థిగా ఉన్న దేవాశిష్ భట్టాచార్య గీసిన ఆ బొమ్మని కెమెరా కింద తిప్పి తిప్పి చిత్రీకరించారు. 1976 ఏప్రిల్ 1 నుంచి అది మన ఇళ్ళలోకి వచ్చింది. వెనక రవిశంకర్ గారి బాణీ, షెహనాయి. అది వినపడగానే పిల్లలు వీధిలోంచి పరిగెత్తుకొచ్చే ఇల్లు ఏ వీధికైనా ఒకటే ఉండేది, టీవీ ఉన్న ఇల్లు.

ఇక ఆ సినిమా మద్రాసు నుంచి మా చిత్తూరు జిల్లాకి ఎలా వచ్చేదో చెప్పాలి. మద్రాసు నుంచి చిత్తూరు 150 కిలోమీటర్లే. కానీ సినిమా వ్యాపారంలో మేము మద్రాసు కింద రాము, ‘సీడెడ్’ కింద వస్తాం. కొత్త సినిమా వసూళ్ళ వార్తల్లో నైజాం, సీడెడ్ అని చదువుతారే, ఆ సీడెడ్ అంటే రాయలసీమే. 1800లో నిజాం నవాబు ఇంగ్లీషువాళ్ళకి వదిలేసిన జిల్లాలు కాబట్టి దత్తమండలాలు అన్నారు. ఆ పేరు బాగాలేదని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మార్చుకున్నారు. నిజానికి మా చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చింది. మదనపల్లె, వాయల్పాడు వైపు మాత్రమే కడప నుంచి, అంటే అసలు దత్తమండలం నుంచి కలిసింది. 2022లో తిరుపతి వేరే జిల్లా కూడా అయింది. ఇన్ని మారినా సినిమా వాళ్ళ లెక్కల పుస్తకంలో మేమింకా దత్తుకిచ్చిన వాళ్ళమే. పుట్టింట్లో ఎన్నేళ్ళున్నా పేరు అత్తింటిదే అయినట్టు.

నిర్మాత సినిమా తీస్తాడు. పంపిణీదారుడు ఏరియా హక్కు కొని, రీళ్ళ పెట్టెలు ఊరూరికి పంపిస్తాడు. విజయవాడ నుంచి నవయుగ, పూర్ణా లాంటి పెద్ద సంస్థలు ఈ పని చేసేవి. పెట్టె ముందు పెద్ద ఊళ్ళలో ఆడి, తర్వాత చిన్న ఊళ్ళకి, ఆఖరికి పల్లెల్లో టెంటు హాళ్ళకి చేరేది. అర నిమిషం బ్యానర్ అంటే 45 అడుగుల ఫిలిం. అది మొదటి రీలుకి మొదట్లో ఉంటుంది. మెషిన్‌కి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, అన్నిటికంటే ముందు గీతలు పడేది అక్కడే, తెగితే కత్తిరించి అతికేదీ అక్కడే. ఊరూరూ తిరిగి పెట్టె పల్లెకి చేరేసరికి కథ బాగానే ఉండేది, బ్యానరే సగం చినిగిపోయి వానలో తడిసినట్టు కనిపించేది.

ఆ సగం కూడా ఆడవాళ్ళు చూసింది తక్కువ. మా అవ్వ పలమనేరు దగ్గర పల్లెలో ఉండేది. టెంటులో ఆట మొదలుపెట్టే ముందు మైకులో ఘంటసాల గారు పాడిన వేంకటేశ్వరస్వామి పాట వేసేవాళ్ళు. ఆ పాట వినపడ్డాకే అవ్వ సంగటి కెలకడం ముగించి, మామలకి ముద్దలు పెట్టి, దూడని కట్టేసి, చెనక్కాయలు కొంగున మూటగట్టుకుని బయల్దేరేదట. “నేను పొయ్యేసరికి ఎప్పుడూ మొదుటి పాట అయిపోయుండేది మే” అనేది. అవ్వ తన జీవితంలో బోలెడు సినిమాలు చూసింది. ఒక్క సినిమాకి కూడా మొదలు చూసిన గుర్తు లేదంది. పేర్లు పడేటప్పుడు మగవాళ్ళు ముందే వచ్చి కూర్చునుండేవాళ్ళు. పెట్టుబడి ఎవరిదో, బ్యానరు ఎవరిదో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఆడవాళ్ళ వైపు నేల మీద కూర్చున్న వాళ్ళకి కథ మాత్రం దక్కేది.

మరి ఆ చూడకుండా పోయిన పేర్లు ఏమిటి?

అన్నపూర్ణా పిక్చర్స్. దుక్కిపాటి మధుసూదనరావు గారు నాగేశ్వరరావు గారితో కలిసి పెట్టిన సంస్థ. 1955లో ‘దొంగరాముడు’తో మొదలైంది. అన్నపూర్ణ అంటే దుక్కిపాటి వారిని పెంచిన తల్లి. కన్నతల్లి కాదు, మారుతల్లి. మన కథల్లో మారుతల్లి అంటే ఎప్పుడూ రాచి రంపాన పెట్టేదే. ఈయన మాత్రం తన సంస్థకే ఆమె పేరు పెట్టుకున్నాడు. నాగేశ్వరరావు గారి భార్య పేరు కూడా అన్నపూర్ణే కావడం ఇంకో విశేషం. తర్వాత హైదరాబాదులో ఆయన కట్టిన స్టూడియోకి ఆమె పేరు పెట్టారు. ‘తోడికోడళ్ళు’, ‘మాంగల్యబలం’, ‘చదువుకున్న అమ్మాయిలు’ ఈ బ్యానరులో వచ్చినవే. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో చెవిపెట్టి విన్న సినిమాలు అవి.

పద్మశ్రీ పిక్చర్స్. దర్శకుడు పి. పుల్లయ్య గారు, నటి శాంతకుమారి గారు దంపతులు. వాళ్ళ కూతురు పద్మ పేరు మీద పెట్టిన బ్యానర్. తిరుపతి వాళ్ళకి ఈ పేరు ఇంకో రకంగా వినపడుతుంది. పద్మావతమ్మ మా తిరుచానూరు ఆడపడుచు కదా. ఆ బ్యానరులోనే 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ వచ్చింది. దాని వెనక ఒక అందమైన లెక్క ఉంది. అదే స్వామి కథని పుల్లయ్య గారు 1939లోనూ తీశారు. అప్పుడు శాంతకుమారి గారు పద్మావతి. ఇరవై ఒక్కేళ్ళ తర్వాత మళ్ళీ తీస్తే ఆవిడ వకుళమాత, సావిత్రి గారు పద్మావతి. పెళ్ళికూతురు వేషం వేసిన మనిషి అదే కథలో పెళ్ళి పెద్ద అయ్యేలోపు, ఇంట్లో పుట్టిన కూతురి పేరు బ్యానరుకి ఎక్కింది. మన జీవితాలు కూడా ఇంతే వేగంగా పాత్ర మార్చుకుంటాయి. నిన్న పెళ్ళిపీట మీద, ఇవాళ పీట పక్కన.

భరణీ పిక్చర్స్. భానుమతి, రామకృష్ణ గార్ల కొడుకు పేరు. సురేష్ ప్రొడక్షన్స్. రామానాయుడు గారు 1964లో ‘రాముడు భీముడు’తో మొదలుపెట్టారు. ఎస్, పి అక్షరాల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు ఆయన కొడుకులు సురేష్, వెంకటేష్. ఆ గుర్తులో ఉన్న పిల్లాడు పెరిగి పెద్దయి అదే బ్యానరులో హీరో అయ్యాడు. గోడ మీద చిన్నప్పటి ఫోటో అలాగే ఉండి, కింద పెద్ద మనుషులు తిరుగుతున్నట్టు ఉంటుంది నాకు ఆ అర నిమిషం. అశ్వనీదత్ గారి వైజయంతీ మూవీస్ పేరు ఎన్టీఆర్ గారు పెట్టిందే. కృష్ణుడి మెడలో ఉండే మాల పేరు అది. గుర్తులో కృష్ణుడిగా శంఖం పూరించేది కూడా ఆయనే.

ఇక మా సొంత జిల్లా బ్యానరు ఒకటుంది. తిరుపతికీ శ్రీకాళహస్తికీ మధ్యలో ఉన్న మోదుగులపాళెంలో పుట్టిన మోహన్‌బాబు గారు 1980ల మొదట్లో సొంత సంస్థ పెట్టినప్పుడు కూతురి పేరు పెట్టుకున్నారు. శ్రీ లక్ష్మీప్రసన్న పిక్చర్స్. 1991లో ‘అసెంబ్లీ రౌడీ’, 1995లో ‘పెదరాయుడు’ అందులోవే. ‘పెదరాయుడు’కి తిరుపతి ప్రతాప్ థియేటర్ వైపు పోలేనంత జనం అని మా అక్క ఇప్పటికీ చెబుతుంది. ఆడపిల్ల పుడితే ఖర్చు అని నిట్టూర్చే రోజుల్లో ఒక తండ్రి తన ఆస్తంతా పందెం కాసే చోట కూతురి పేరు రాసుకున్నాడు. దాన్ని తక్కువ చేసి చూడలేను. ఆడపిల్లని లక్ష్మి అని నోటితో అనడం వేరు, అప్పు పత్రాలున్న కంపెనీకి ఆ పేరు పెట్టడం వేరు.

అన్నిటికంటే నన్ను కదిలించిన పేరు ఎమ్మార్యే ప్రొడక్షన్స్. పేరు చూస్తే ఏదో సున్నితం లేని మూడు అక్షరాలు. కానీ అవి మేకా రాజ్యలక్ష్మీ అనూరాధ అన్న పేరులోని తొలి అక్షరాలు. నటి కృష్ణవేణి గారి కూతురు పేరు. ఆ బ్యానరు మీద కృష్ణవేణి గారు 1949లో ‘మనదేశం’ నిర్మించారు. ఎన్టీఆర్ గారు మొట్టమొదట తెర మీద కనిపించింది ఆ సినిమాలోనే. అంటే తెలుగువాళ్ళు అర్ధ శతాబ్దం పాటు దేవుడిలా చూసుకున్న మనిషికి మొదటి తలుపు తీసింది ఒక నిర్మాతమ్మ, ఆ తలుపు మీదున్నది ఒక చిన్నపిల్ల పేరు. కృష్ణవేణి గారు 2025 ఫిబ్రవరిలో నూరేళ్ళు నిండాక వెళ్ళిపోయారు.

ఇక్కడే ఒక తేడా కనిపిస్తుంది. ఆడవాళ్ళ పేరు ఉన్న బ్యానర్లు ఒక రకం, ఆడవాళ్ళు నడిపిన బ్యానర్లు ఇంకో రకం. రెండోవీ మనకి తక్కువేమీ కాదు. కన్నాంబ గారు భర్త కడారు నాగభూషణం గారితో కలిసి శ్రీ రాజరాజేశ్వరీ ఫిలింస్ నడిపారు. అంజలీదేవి గారు సంగీత దర్శకుడైన భర్త ఆదినారాయణరావు గారితో అంజలీ పిక్చర్స్ పెట్టి 1957లో ‘సువర్ణసుందరి’ తీశారు. అది ఆమె సొంత పేరు, ఎవరో పెట్టిన బహుమానం కాదు. భానుమతి గారు 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తనే దర్శకత్వం చేసి తీశారు. సావిత్రి గారు 1968లో ‘చిన్నారి పాపలు’ చేసినప్పుడు దర్శకురాలు ఆమే, నిర్మాత ఒక మహిళ, సంగీతం పి. లీల గారు. విజయనిర్మల గారు 1973లో ‘మీనా’తో తెలుగులో దర్శకత్వం మొదలుపెట్టి, 44 సినిమాలతో గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఇంతమంది చేశారు. కానీ పాత సినిమాల ముచ్చట్లు మొదలైతే వీళ్ళందరినీ మనం నటీమణులుగానే తలుచుకుంటాం. కన్నాంబ గారంటే కంచు గొంతు, అంజలీదేవి గారంటే సీతమ్మ. జీతాలు లెక్కగట్టి, ఫైనాన్సు తెచ్చి, విడుదల తేదీ కోసం నిద్ర మానుకున్న ఆడవాళ్ళుగా గుర్తుచేసుకోం. పారిస్ ఆలీస్ గీకి ఒక కంపెనీ చేసిన పనే మన జ్ఞాపకాలు వీళ్ళకి చేస్తున్నాయి.

ఇది సినిమా వాళ్ళ ఇళ్ళలో సంగతి మాత్రమే అయితే నేనింత రాసేదాన్ని కాదు. మన ఊళ్ళో బజారులో నడుస్తూ బోర్డులు చదవండి. జనరల్ స్టోర్స్, ట్రావెల్స్, బట్టల అంగళ్ళు, లాడ్జీలు, లారీ నుదుటి రాతలు. సగం ఆడపేర్లే. మా నాయన చిత్తూరులో కిరాణా అంగడి పెట్టినప్పుడు అమ్మ పేరే పెట్టాడు. ఎర్ర రంగు అక్షరాలు, చుట్టూ పసుపు గీత. అంగడికి మొదటి సరుకు దించింది అమ్మ గాజులు కుదవపెట్టిన డబ్బుతో. చింతపండు గింజ తీయడం, మిరపకాయలు ఎండబెట్టడం, పావుకిలో పొట్లాలు కట్టడం, అన్నీ ఇంట్లో అమ్మే. కానీ గల్లాపెట్టె ముందు ఆమె కూర్చోవడం నేను చూడలేదు. నాయన పోయాక కాగితాలు తీసి చూస్తే లైసెన్సులో, బ్యాంకు ఖాతాలో, అద్దె పత్రంలో ఎక్కడా అమ్మ లేదు. ఆమె పేరు ఉన్నది బోర్డు మీద ఒక్కచోటే. అంగడి తమ్ముడికి వచ్చింది, దాంతోపాటు పేరు కూడా. “ఏం మా, నీకు బాధగా లేదా?” అంటే, “పేరు పెట్టినాడు కదమ్మే, అందురూ నన్ను ఆ పేరుతోనే కదా గుర్తుపట్టేది, ఇంకేం కావల్ల” అంది.

ఆ మాట అబద్ధమని నేను అనను. వీధిలో అందరూ అమ్మని అంగడి పేరుతో గౌరవంగా పలకరించేవాళ్ళు. నాయన ప్రేమ కూడా అబద్ధం కాదు. దుక్కిపాటి వారి కృతజ్ఞత, మోహన్‌బాబు గారి మురిపెం, గోమోన్ పువ్వు, ఏవీ అబద్ధాలు కావు. పేరు పెట్టడం ప్రేమే. కానీ అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆ బోర్డు మీద పేరుతో బ్యాంకులో పది రూపాయలు తీయడానికి కుదరలేదు. తమ్ముడు మంచివాడు కాబట్టి ఖర్చు పెట్టుకున్నాడు. అతను మంచివాడు కాకపోయుంటే? ప్రేమకి, హక్కుకి మధ్య ఉన్న తేడా అలాంటి రోజునే తెలుస్తుంది.

పోయినేడాది మా అబ్బాయి స్నేహితుడితో కలిసి తిరుపతిలో టిఫిన్ సెంటర్ పెడుతూ, “అమ్మా, నీ పేరే పెడతాము, చట్నీలన్నీ నీ చేతివే కదా” అన్నాడు. సంతోషమే వేసింది, కాదనను. కానీ బోర్డు రాయించే ముందు పార్ట్‌నర్‌షిప్ పత్రంలో నా పేరు రాయించమన్నాను. వాడు నవ్వాడు, మావారు ఆశ్చర్యపోయారు. “మనింట్లో మనకెందుకు ఇవన్నీ” అన్నారు. నేను అమ్మ అంగడి కాగితాల సంగతి గుర్తుచేశాను. రెండు రోజులు ఇంట్లో మాటలు కాస్త తగ్గాయి. మూడో రోజు వాడే ఆడిటర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు నేను నాలుగో వంతు భాగస్తురాలిని. నెలాఖరుకి లెక్క చూపిస్తాడు, అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను. ఇంతా చేసి బోర్డు మీద నా పేరు లేదు, స్వామి పేరు పెట్టుకున్నారు. తిరుపతిలో ఇంకేం పెడతారు!

సినిమాల్లో కూడా ఈ మార్పు వస్తోంది, అది చూస్తే ధైర్యంగా ఉంటుంది. వైజయంతీ సంస్థలో అశ్వనీదత్ గారి కూతుళ్ళు స్వప్న, ప్రియాంక ఇప్పుడు నిర్మాతలు. వాళ్ళ స్వప్న సినిమా పేరు మీద 2018లో ‘మహానటి’ వచ్చింది. సొంతంగా సినిమా తీసి నష్టపోయిన సావిత్రి గారి కథని ఇద్దరు అమ్మాయిలు నిర్మించి గెలిపించడం నాకు పెద్ద ఊరట. అన్నపూర్ణా స్టూడియోస్ పనుల్లో నాగేశ్వరరావు గారి మనవరాలు సుప్రియ గారు ముందున్నారు. అన్నపూర్ణమ్మ పేరున్న చోట అన్నపూర్ణమ్మ మనవరాలు లెక్కలు చూస్తోంది. నిహారిక కొణిదెల తన పింక్ ఎలిఫెంట్ పిక్చర్స్ మీద 2024లో ‘కమిటీ కుర్రోళ్ళు’ తీసింది. ఆ బ్యానరు పేరులో ఎవరి అమ్మా లేదు, ఎవరి కూతురూ లేదు, ఒక గులాబీ రంగు ఏనుగు ఉంది. తనకి నచ్చిన పేరు తనే పెట్టుకుంది.

ఇప్పుడు సినిమాకి ముందు ఒకటి కాదు, నాలుగైదు లోగోలు వరసగా వస్తాయి. నిర్మాతది, సమర్పించినవాళ్ళది, పాటల కంపెనీది, ఓటీటీది. అన్నీ కంప్యూటర్లో చేసినవి, మెరుపులు, ఉరుములు. పిల్లలు విసుక్కుని ముందుకి జరిపేస్తారు. మీరు మాత్రం ఈసారి ఒక్క అర నిమిషం ఆపి చదవండి. ఎవరి పేరుందో చూడండి. ఆ తర్వాత నిర్మాత అన్న అక్షరాల కింద ఎవరి పేరుందో కూడా చూడండి. అలాగే మీ ఇంట్లో అంగడో, ఆటోనో, పొలమో, ఫ్లాటో మీ పేరు మీద ఉందని చెబితే, తీరికున్న మధ్యాహ్నం ఒకసారి బీరువాలో కాగితాలు తీసి చూసుకోండి. పక్కన టీ పెట్టుకోండి, ఆ కాగితాలు చదవడానికి కాస్త సమయం పడుతుంది.